కబురు లేని పడవ

నేను ఏం పని చేసేవాణ్నో మా అమ్మకు చివరిదాకా అర్థం కాలేదు. మా ఊరు పద్మనాభంలో ఎవరైనా అడిగితే, "మావోడు మద్దిలపాలెంలో కంప్యూటర్లు బాగు సేత్తాడు" అని చెప్పేది. ఆ మాట నమ్మి ఊళ్లోవాళ్లు పనిచెయ్యని టీవీ రిమోట్లు, మోగని రేడియోలు పట్టుకొని మా ఇంటికి వచ్చేవారు. కాదనలేక బ్యాటరీలు మార్చి ఇచ్చేవాణ్ని. ఊళ్లో నాకున్న మంచిపేరంతా ఆ బ్యాటరీల పుణ్యమే.

అసలు నా పని ఇది. సమాచారమంతా ఒకేచోట ఉండదు. మనుషుల పేర్లు ఒక పట్టికలో ఉంటాయి, వాళ్ల ఊళ్లు ఇంకో పట్టికలో, వాళ్లు చేసిన పనులు మూడో పట్టికలో. ఈ పట్టికల మధ్య చుట్టరికం ఒక నంబరు. ఆ నంబరు పట్టుకొని మూడింటినీ కలిపి, అడిగినవాళ్లకు పనికొచ్చేలా గుంపులు కట్టి, వెబ్ పేజీ మీద చూపించాలి. పాతికేళ్లకు పైగా రోజూ పద్మనాభం నుంచి బస్సెక్కి పట్నం వచ్చి చేసింది ఇంతే. వినడానికి చాలా చిన్న పని. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఏ కోర్సు చెయ్యాలని నన్ను అడుగుతుంటారు. కోర్సుల సంగతి మీకే నాకంటే బాగా తెలుసు. నాకు వచ్చిన ప్రమోషన్లు రెండు, రెండూ ఆలస్యంగానే వచ్చాయి, వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఒక దుకాణదారు గురించి, ఒక బాస్ గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం చెబుతాను. ఆ తప్పు ఏడుగురు మనుషుల ప్రాణాల మీదికి వచ్చింది.

ముందు బస్తాలు, తర్వాత సుద్ద

ఉద్యోగంలో చేరిన కొత్తలో పూర్ణా మార్కెట్‌లో ఒక మిరపకాయలు, ధనియాల హోల్‌సేల్ కొట్టుకు పేజీ రాసే పని నాకు అప్పజెప్పారు. ఏ ఊరి నుంచి ఏ సరుకు వచ్చిందో ఒకచోట కనబడాలి. కొట్టు యజమాని శెట్టిగారు. నేను రాసింది చూడటానికి కళ్లజోడు పెట్టుకొని ముందుకు వంగారు. నా పేజీలో ప్రతి వరసలోనూ ఊరి పేరు ఉంది. ఒకే ఊరి నుంచి ముప్ఫై సరుకులు వస్తే ఆ పేరు ముప్ఫైసార్లు ఉంది.

"ఏటి నాయుడూ, ఊరి పేరు పట్టుకొని జపం సేత్తన్నావు" అన్నారు.

చెయ్యి పట్టుకొని వెనక గోడౌన్‌లోకి తీసుకెళ్లారు. లోపల బస్తాలు ఊరివారీగా దొంతులు పేర్చి ఉన్నాయి. ఒక్కో దొంతి ముందు నేల మీద సుద్దతో ఊరి పేరు ఒక్కసారే రాసి ఉంది. తుమ్ముతూ బయటికి వచ్చాను గానీ విషయం అర్థమైంది. పేజీలో ఊరి పేరు మారినప్పుడల్లా ఒక శీర్షిక పెట్టి, దాని కింద సరుకులు వచ్చేలా తిరగరాశాను.

వారం తర్వాత ఆయనకు చూపిస్తే ఈసారి ఒకే ఊరి శీర్షిక ఐదుచోట్ల వచ్చింది. వరసలు పట్టికలో ఎలా పడి ఉన్నాయో అలాగే తెచ్చేశాను, ఊరివారీగా సర్దలేదు. పేరు మారిన ప్రతిసారీ కొత్త శీర్షిక పుట్టుకొచ్చింది. శెట్టిగారు పొట్ట పట్టుకొని నవ్వారు.

"ముందు బస్తాలు సర్దు బాబూ. సర్దినాకే సుద్ద పట్టుకో" అన్నారు.

ఆయన ఎన్నడూ కంప్యూటరు ముట్టుకోలేదు. ఈ పనికి సంబంధించి నేను విన్న పాఠాల్లో మొదటిది ఆయన చెప్పిందే. ఈ రోజుకూ కొత్తవాళ్లు రాసే పేజీల్లో ఐదుచోట్ల ఒకే శీర్షిక కనబడితే నాకు ధనియాల వాసన వస్తుంది.

మూర్తిగారు

మా ఆఫీసు మద్దిలపాలెం బస్ డిపో దగ్గర, ఒక మేడ మీద మూడు గదులు. బాస్ మూర్తిగారు. ఆయనకు కోపం ఎక్కువ, కానీ ఆ కోపం పని మీదే ఉండేది. మనిషిని తిట్టేవారు కాదు. నాకు తర్వాత దొరికిన బాసుల్లో కొందరు దీనికి సరిగ్గా తలకిందులు. పేజీ రంగులు బాగున్నాయని మెచ్చుకొని, లోపల ఏముందో చూడకుండా సంతకం పెట్టేసేవారు. వాళ్ల దగ్గర నేను సుఖంగా ఉన్నాను, ఏమీ నేర్చుకోలేదు.

ఒకసారి నా పేజీ తెరుచుకోవడానికి టీ తాగి వచ్చేంత సమయం పట్టింది. మూర్తిగారు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మూడు వందల వరసలకు డేటాబేస్‌ను మూడు వందలసార్లు విడివిడిగా అడుగుతున్నానని ఆయనకు వెంటనే కనబడింది.

"ఉప్పు కోసం ఒకసారి, చింతపండు కోసం ఒకసారి, పసుపు కోసం ఒకసారి బస్సెక్కి మార్కెట్‌కి వెళ్తావా?" అని అడిగారు.

"లేదండి."

"మరి ఇక్కడెందుకు వెళ్తున్నావు? పెద్ద సంచి పట్టుకొని ఒక్కసారి వెళ్లు."

అప్పటినుంచి పట్టికలు కలపడం శ్రద్ధగా నేర్చుకున్నాను. నాలుగైదు పట్టికలను ఒకే ప్రశ్నలో కలిపి తెచ్చేవాణ్ని. ఆఫీసులో ఈ పనిలో నన్ను మించినవాడు లేడని అనుకునేవాణ్ని. అనుకుని ఊరుకోలేదు, అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ని. నా తప్పు సరిగ్గా ఆ రోజుల్లోదే.

రేవులో పేజీ

మరబోట్ల యజమానుల సంఘం ఒకటి మా ఆఫీసుకు వచ్చింది. వాతావరణం చెడినప్పుడు తమ బోట్లలో ఏవి తిరిగి వచ్చాయి, ఏవి దారిలో ఉన్నాయి, ఒక్కో బోటులో పనిచేసే కలాసీలు ఎవరెవరు అన్నది ఒక పేజీలో కనబడాలని వాళ్ల కోరిక. పని నాకు వచ్చింది.

మూడు పట్టికలు పెట్టాను. మొదటిది చేపల వేటకు వెళ్లిన బోట్లది. బోటు బయల్దేరేటప్పుడు రేవులో చీటీ రాస్తారు, ఆ చీటీ వివరాలు ఇందులోకి ఎక్కుతాయి. రెండోది బోటులోని మనుషులది. మూడోది కబుర్లది. బోటు తిరిగొచ్చినా, సముద్రంలోంచి వైర్‌లెస్‌లో మాట్లాడినా, వేరే రేవులో ఆగి ఫోన్ చేసినా అందులో ఒక వరస పడుతుంది. మూడూ కలిపి పేజీ మీద మూడు గుంపులు చేశాను. వచ్చినవి, దారిలో ఉన్నవి, వేరే రేవులో ఆగినవి. ఒక్కో బోటు పేరు కింద కలాసీల పేర్లు. అడుగున మొత్తం. చూడటానికి ముచ్చటగా ఉంది.

పేజీని పరీక్షించింది కూడా నేనే. పరీక్ష కోసం ఓ ఇరవై బోట్లు, వాటికి ఇరవై కబుర్లు నేనే కూర్చుని కొట్టాను. కబురు లేని బోటు ఒకటి పెట్టి చూద్దామన్న ఆలోచన నాకు రాలేదు. మాది వరిపొలాల ఊరు. పొలానికి వెళ్లినవాడు సాయంత్రం ఇంటికి రావడమే నాకు తెలుసు. ఇంటికి రాని మనిషి కూడా ఒక వరసేనని నా బుర్రకు తట్టలేదు.

మంచి వాతావరణంలో ప్రతి బోటు నుంచీ ఏదో ఒక కబురు వచ్చేది, నాలుగైదు నెలలు పేజీ చక్కగా నడిచింది. ఆ తర్వాత సముద్రంలో వాయుగుండం పట్టింది. బోట్లన్నీ వెనక్కి రమ్మని పిలుపు వెళ్లింది. "నీ పేజీ పనిచేసే రోజు ఇదే, వెళ్లి చూడు" అని మూర్తిగారు నన్ను రేవుకు పంపారు. కొత్త చొక్కా వేసుకొని వెళ్లాను. అప్పుడు నాకున్న గర్వం అలాంటిది.

మధ్యాహ్నం మూడు గంటలకు సంఘం గదిలో కంప్యూటరు ముందు సెక్రటరీ నూకరాజు, నేను కూర్చున్నాం. బయట గాలి రేకుల్ని కొడుతోంది. పేజీ అడుగున వెళ్లినవి నలభై ఒకటి, కబురున్నవి నలభై ఒకటి అని ఉంది. ముప్ఫై తొమ్మిది రేవులోకి వచ్చాయి, రెండు పూడిమడక రేవులో ఆగాయి.

"అన్నీ దొరికీసినాయి బావా. మనోళ్ళెవులూ సముద్రంలో నేరు. ఎతకడానికి ఎవుల్నీ పంపక్కర్లేదని ఆఫీసర్లకి సెప్పీత్తాను" అని నూకరాజు ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు ఒకావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చీరంతా తడిసిపోయి ఉంది. పోలమ్మ, బోటు డ్రైవరు ఎల్లాజీ భార్య. "మా బోటు కబురేటైనా ఒచ్చిందా బాబూ" అని అడిగింది.

బోటు నంబరు అడిగి పేజీలో వెతికాను. లేదు. అప్పుడు నేనన్న మాట ఇన్నేళ్ల తర్వాత తల్చుకున్నా నాకు సిగ్గేస్తుంది. "పేజీలో లేదమ్మా. అంటే మీ బోటు ఈసారి వేటకు వెళ్లి ఉండదు" అన్నాను.

ఆవిడ నా మీద అరవలేదు. "ఎల్లనేదా? మొన్న తెల్లారగట్ల నా సేత్తోనే సద్ది కట్టి ఇచ్చినాను. ఏడుగురికి. ఎల్లనోడికి సద్ది ఎందుకు బాబూ?" అంది. "ఇలగ రా, సూపిత్తాను" అంటూ బయటికి నడిచింది. వెనకే వెళ్లాను. నూకరాజు ఫోను పక్కన పెట్టేశాడు.

జెట్టీ మీద వాన పడుతోంది. రేకుల షెడ్డు కింద ఆరుగురు ఆడవాళ్లు దగ్గరదగ్గరగా నేల మీద కూర్చుని ఉన్నారు. షెడ్డులో మిగతా అంతా ఖాళీ.

"బోట్లు ఒచ్చేదాకా మేం ఏ బోటోళ్ళం ఆ బోటోళ్ళం గుంపులుగా కూకుంటాం" అంది పోలమ్మ. "ఆళ్ళ బోటొచ్చీసిన గుంపు లేసి ఎల్లిపోద్ది. లేసినోళ్ళని మేం నెక్కెట్టం బాబూ. కూకున్నోళ్ళే నెక్క. పొద్దున్న షెడ్డు నిండా ఉన్నాం. ఇప్పుడు మేవే ఉన్నాం."

నేను నాలుగు రోజులు కూర్చుని రాసిన పేజీ చెప్పలేనిది ఆ షెడ్డు ఉన్నదున్నట్టు చెబుతోంది.

లోపలికి పరుగెత్తాను. పేజీ మూసేసి బోట్ల పట్టికను నేరుగా తెరిచి చూశాను. ఎల్లాజీ బోటు ఉంది. చీటీ ఉంది. ఏడుగురి పేర్లు ఉన్నాయి. కబుర్ల పట్టికలో మాత్రం దాని నంబరు మీద ఒక్క వరస కూడా లేదు. మూడు పట్టికలనూ నేను ఎలా కలిపానంటే, మూడింట్లోనూ ఉన్న బోటే పేజీలోకి వస్తుంది. ఏ ఒక్కదాంట్లో లేకపోయినా ఆ బోటు చడీచప్పుడు లేకుండా జారిపోతుంది. అడుగున మొత్తం చూసుకుందామంటే, వెళ్లినవీ కబురున్నవీ రెండూ పేజీలోకి వచ్చినవాటి నుంచే లెక్కపెట్టాను. ఆ రెండు అంకెలు కలవకపోతేనే వింత. అసలు ఏ పడవ కోసం ఈ పేజీ కావాలన్నారో, ఆ పడవ ఒక్కటే ఇందులో లేదు.

మార్చాల్సింది ఒక్క మాట. బోట్ల పట్టికను ముందు పెట్టి, కబురు ఉన్నా లేకపోయినా ప్రతి బోటూ రావాలని చెప్పడం. మా భాషలో దాన్ని లెఫ్ట్ జాయిన్ అంటారు, పుస్తకంలో రెండో వారం పాఠం. రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారి సరిగ్గా కొట్టాను. పేజీ తెరుచుకుంది. వెళ్లినవి నలభై రెండు. ఎల్లాజీ బోటు పేరు పక్కన కబురు ఉండాల్సిన చోట ఖాళీ.

నూకరాజు ఫోను ఎత్తి ఆఫీసర్లకు బోటు నంబరు, చీటీలో రాసిన వేట దిక్కు, ఏడుగురి పేర్లు ఒక్కొక్కటీ నెమ్మదిగా చదివి వినిపించాడు. "ఈళ్ళు ఏడుగురూ రానేదు సార్. ఎతకండి" అన్నాడు. అరగంటలో వెతకడానికి మనుషులు బయల్దేరారని తిరిగి ఫోన్ వచ్చింది. పోలమ్మ ఆ మాట విని, తల ఊపి, వెళ్లి మళ్లీ తన గుంపులో కూర్చుంది.

ఆ సాయంత్రం ఆఖరి బస్సుకు ఇంటికి వెళ్లానే గానీ అన్నం సయించలేదు. మర్నాడు మొదటి బస్సుకే వచ్చేశాను. మద్దిలపాలెంలో దిగకుండా నేరుగా రేవుకు వెళ్లాను. వాన వెలిసింది. షెడ్డు వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

కూర్చున్నవాళ్లే లెక్క అన్న మాట ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. ఖాళీ నేల చూసి, చెడు కబురేదో వచ్చి వీళ్లను ఇళ్లకు తీసుకుపోయారనుకున్నాను. అలాగే నిలబడి ఉంటే చేపల తట్టలు పెట్టే చోటు నుంచి పోలమ్మ గొంతు వినబడింది.

"అక్కడేటి సూత్తన్నావు బాబూ? లేసీసినాం."

ఆవిడ వెనక ఒక మనిషి తడి దుప్పటి కప్పుకొని టీ తాగుతున్నాడు. ఇంజను ఆగిపోయి, బ్యాటరీ అయిపోయి, వైర్‌లెస్ మూగబోయి ఒక పగలు, ఒక రాత్రి అలల మీద కొట్టుకుపోయిన ఎల్లాజీ అతనే. తెల్లారుతుండగా వెతుకుతున్నవాళ్లకు కనబడ్డారట. ఏడుగురూ. నేను వాళ్ల ముందే ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో ఎల్లాజీకి తెలియదు. తన చేతిలో గ్లాసు నాకిచ్చి, "తాగండి బాబూ, వేడిగా ఉంది" అన్నాడు.

ఎవరికీ చెప్పకపోతే తెలిసేది కాదు

ఇది కూడా రాయాలి. ఆఫీసుకు వెళ్తూ దారిలో, ఈ సంగతి మూర్తిగారికి చెప్పకపోతే ఏమవుతుందని ఆలోచించాను. మారింది ఒక్క మాట. ఏడుగురూ క్షేమం. నూకరాజుకు కోడ్ చదవడం రాదు. పేజీలో చిన్న మార్పు చేశానంటే సరిపోతుంది. మద్దిలపాలెం దాకా ఆ ఆలోచనతోనే వచ్చాను, మంచివాణ్నని చెప్పుకోను.

మెట్లెక్కాక మాత్రం చెప్పేశాను. పోలమ్మ ముఖం ఎదురుగా ఉన్నట్టనిపించి చెప్పేశాను. మూర్తిగారు అంతా విన్నారు.

"పేజీ చూసేవాడికి నువ్వు చూపించింది తెలుస్తుంది. చూపించనిది ఏమిటో నీ ఒక్కడికే తెలియాలి. అది నీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నారు.

తర్వాత నన్ను వెంటబెట్టుకొని సంఘం మీటింగుకు తీసుకెళ్లి, అందరి ముందు ఆ తప్పు నా నోటితోనే చెప్పించారు. వాళ్లు పని మా దగ్గర నుంచి తీసేస్తారనుకున్నాను. నూకరాజు లేచి, "తప్పు సెప్పినోడి దగ్గరే పని ఉండాల. సెప్పనోడిని ఎక్కడని ఎతుకుతాం బావా" అన్నాడు. పని మా దగ్గరే ఉంది.

అప్పటినుంచి ఏ పేజీ రాసినా ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను. ఈ పట్టికలు కలిపితే ఎవరు జారిపోతున్నారు? పరీక్షకు సమాచారం కొట్టేటప్పుడు మొదటి వరసే కబురు లేనిది పెడతాను. మీరు కూడా అలాగే చెయ్యండి. ఇది చెబితే ఎవరైనా వింటారు, తమకు జరిగితేగానీ నమ్మరు. మీకు జరగకూడదనే ఇంత రాస్తున్నాను.

సున్నా

రేవు పేజీని ఆ తర్వాత చాలాసార్లు మార్చాం. అందులో అన్నిటికంటే పైన "కబురు లేనివి" అని ఒక గుంపు చేర్చాను. అందులో బోట్లు ఏవీ లేకపోయినా శీర్షిక కనబడాలి, పక్కన సున్నా ఉండాలి.

నేను రిటైరవడానికి నెల ముందు నా పనులన్నీ లావణ్యకు అప్పజెప్పాను. మా పక్క ఊరి అమ్మాయే, నాలాగే బస్సులో వస్తుంది. నాకంటే చురుకైనది, అది నాకు సంతోషం. మొదటి రోజే ఆ శీర్షిక తీసేస్తానంది.

"ఏడాదిలో ముప్పాతిక రోజులు అక్కడ సున్నాయే ఉంటాదండి. ఖాళీ గుంపుకి శీర్షిక ఎందుకు? ఫోన్ తెరలో మూడో వంతు అదే తినేత్తంది" అంది.

ఆ మాట సబబే. నేను వాదించలేదు, కథ కూడా చెప్పలేదు. "రేపు పొద్దున్న రేవుకు వెళ్లి, అక్కడివాళ్లు ఆ పేజీని ఎలా చూస్తారో చూసి రా. వచ్చాక నీ ఇష్టం" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. బ్యాగు కుర్చీకి తగిలించి కూర్చుంది.

"అక్కడ పోలమ్మని ఒక పెద్దావిడ ఉందండి. సేపలు కోత్తా కోత్తా మధ్యలో సెయ్యి తుడుసుకొని ఫోన్ తీసింది. పేజీ తెరిసింది, పైన సున్నా సూసింది, ఫోన్ బొడ్డులో దోపీసింది. కిందికి జరపనే లేదు. మిగతాది సూడవా అమ్మమ్మా అంటే ఏటందో తెలుసా? 'సున్నా ఉంటే సాలు తల్లీ, అందరూ ఉన్నట్టే' అంది."

నేను కిటికీలోంచి డిపోలోకి వచ్చే బస్సుల్ని చూస్తున్నాను. లావణ్య కంప్యూటరు తెరిచి, శీర్షికను అక్కడే ఉంచి, ఆ సున్నాను రెండింతలు పెద్దది చేసింది.